క్యాంపస్‌లో డబ్బాలు రెండు, ట్రాక్టరు ఒక్కటే. మరి చెత్త వేరు చేసి ఏం లాభం?

నయీంనగర్_పీజీ

అందరికీ నమస్తే. హనుమకొండలో ఒక యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్నాను. పేరు ఎందుకులెండి, ఏ క్యాంపస్‌కి పోయినా ఇదే కథ ఉంటుంది. లైబ్రరీ ముందు, క్యాంటీన్ దగ్గర, డిపార్ట్‌మెంట్ వరండాల్లో ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా జంటగా పెట్టారు, తడి చెత్త, పొడి చెత్త అని రాసి బొమ్మలు కూడా వేశారు. మొన్న పొద్దున వాకింగ్‌కి పోతుంటే ట్రాక్టరు వచ్చింది. ఆకుపచ్చ డబ్బా ఎత్తి ట్రాలీలో గుమ్మరించారు, నీలం డబ్బా ఎత్తి దాని మీదనే గుమ్మరించారు. అరటి తొక్క ఇందులో, సీసా అందులో అని ఆగి మరీ వేసేవాళ్ళని చూస్తే జాలేసింది.

ఇప్పుడు హాస్టల్ కమిటీలో ఈ పని నా నెత్తిన పడింది. వార్డెన్ సార్ "రీసైక్లింగ్ మొదలుపెట్టండి, డబ్బాలు కావాలంటే ఇంకో నాలుగు కొనిస్తాం" అని చెప్పి పోయారు. డబ్బాలతో ఏం చేసుకుంటాం? అసలు అవతల ఎవరు తీసుకుంటారు, ఏది కొంటారు, ఏది కొనరు, అది తెలియాలి కదా. చిప్స్ ప్యాకెట్లు, టీ కప్పులు, పాల ప్యాకెట్లు, రికార్డు పుస్తకాలు, పాడైన చార్జర్లు, ఇవే మా దగ్గర ఎక్కువ. మెస్‌లో మిగిలింది డ్రమ్ముల్లో పోస్తే పందులు పెంచేవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. ఎవరైనా నిజంగా చేసినవాళ్ళు ఉంటే చెప్పండి, పోస్టర్ల మీద రాసే మాటలు మాత్రం వద్దు.

కాంటా_వరంగల్

తమ్మీ, మాది వరంగల్‌లో పాత సామాను దుకాణం, నాన్న పెట్టింది. ఇవతల కాంటా దగ్గర కూర్చున్నోడిగా చెప్తా. మాకు నీ డబ్బా రంగుతో పని లేదు, సరుకు పొడిగా ఉందా, ఒకటే రకమా, ఈ రెండే చూస్తాం. సాంబారు పడ్డ అట్ట, వానకు నానిన పేపరు తెస్తే తిప్పి పంపిస్తాం, లేదంటే తరుగు తీసి సగం తూకమే వేస్తాం. ఎందుకంటే మా దగ్గర కొనే హైదరాబాద్ గోడౌన్ వాళ్ళు తేమ చూసి అదే పని మాకు చేస్తారు.

ధర రోజూ మారుతుంది కానీ వరస మాత్రం మారదు. రాగి, ఇత్తడి, అల్యూమినియం పైన ఉంటాయి. కూల్‌డ్రింక్ డబ్బా అల్యూమినియమే, పారేయకు. తర్వాత నీళ్ళ సీసాలు, షాంపూ డబ్బాలు, బకెట్ల లాంటి గట్టి ప్లాస్టిక్. సీసా అడుగున త్రికోణంలో నంబరు ఉంటుంది చూడు, 1, 2, 5 ఉంటే కళ్ళు మూసుకుని తీసుకుంటాం. 6 అంటే థర్మాకోల్ జాతి, గది నిండా పెట్టినా కాంటా ముల్లు కదలదు, దాన్ని ఎవడూ కొనడు. తెల్ల కాగితం, రికార్డులు, న్యూస్ పేపరు, అట్టలు వేటికవే కట్టాలి, కలిపితే అన్నిటికీ అట్ట ధరే పడుతుంది. గాజు సీసా పగలకుండా ఉంటే లెక్క మీద పోతుంది, పగిలితే దాని బరువు మోసిన కూలి కూడా రాదు.

నువ్వు అడిగినవాటికి వస్తే, పాల ప్యాకెట్ కొంటాం. దాని ప్లాస్టిక్ మంచిదే, కానీ కోసి, ఒకసారి నీళ్ళలో జాడించి ఆరేయాలి, లేకపోతే రెండో రోజుకే పురుగు పడుతుంది. చిప్స్ ప్యాకెట్ ఎవరూ కొనరు, ఎందుకంటే లోపల మెరిసే అల్యూమినియం పొర ప్లాస్టిక్‌కి అతుక్కుని ఉంటుంది, వాటిని విడదీసే ఖర్చుకి కొత్తదే వస్తుంది. అలాంటివాటికి ఉన్న ఒక దారి, సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో బొగ్గుతో పాటు మండించడం. టీ కప్పు పేరుకే పేపరు కప్పు, లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, పైగా చక్కెర జిగట. దాన్ని కూడా మేం ముట్టం. కప్పుల సంగతి రీసైక్లింగ్‌తో తేలదు, క్యాంటీన్‌లో గాజు గ్లాసులో, స్టీలు గ్లాసులో పెట్టించు, అంతే.

నీళ్ళ సీసా తర్వాత ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఫ్యాక్టరీలో మూతతో సహా ముక్కలు చేసి నీళ్ళ తొట్టిలో వేస్తారు. సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. పైది పైన, కిందది కింద తీసుకుంటారు. ఆ కింద ముక్కలు వేడి నీళ్ళలో కడిగి, కరిగించి దారం తీస్తారు. దిండ్లలో దూదిలా కనిపించేది చాలాసార్లు అదే.

అసలు మాట ఒకటి మిగిలింది. మీ క్యాంపస్‌లో రీసైక్లింగ్ ఇప్పటికే నడుస్తోంది, నీకు కనపడట్లేదు, అంతే. ట్రాక్టరు రాకముందే మీ సఫాయి అక్కలు డబ్బాల్లోంచి సీసాలు, అట్టలు ఏరి హాస్టల్ వెనక గోనె సంచుల్లో నింపుకుంటారు, వారానికోసారి మాలాంటి వాళ్ళకి అమ్ముకుంటారు. జీతం మీద వాళ్ళకొచ్చే నాలుగు రాళ్ళు అవే. నువ్వు కమిటీ పేరుతో కాంట్రాక్టు పెట్టి ఆ సరుకు అమ్మి వచ్చిన డబ్బుతో బ్యానర్ కొట్టిస్తే వాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. ముందు పోయి వాళ్ళతో మాట్లాడు.

హంటర్‌రోడ్_ఆటో

ఇదంతా కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ టీం వచ్చే ముందు ఫోటోల కోసం తమ్ముడూ. వేస్ట్ మేనేజ్‌మెంట్‌కి మార్కులు ఉంటాయి, ఆ వారం డబ్బాలకు రంగులు పడతాయి, టీం పోయాక అందులో కుక్కలు పడుకుంటాయి. నువ్వు పరీక్షలు రాసుకో.

నయీంనగర్_పీజీ

@హంటర్‌రోడ్_ఆటో అన్నా, మీరన్నది చాలావరకు నిజమే, కానీ పని నా మీద పెట్టాక ఊరికే కూర్చోలేను కదా. @కాంటా_వరంగల్ అన్నా, చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. సాయంత్రం మా ఫ్లోర్ ఊడ్చే అక్కతో మాట్లాడాను. మీరు చెప్పినట్టే సంచులు మెట్ల కింద ఉన్నాయి. ఆమె అడిగింది ఒక్కటే, "సీసాలో నీళ్ళు పారబోసి వెయ్యమను బిడ్డా, సగం నీళ్ళ సీసాలు మోయలేక నడుం పోతోంది" అని.

రిటైర్డ్_సూపరింటెండెంట్

బాబూ, నేను ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి దిగిపోయినవాణ్ణి. విద్యార్థులు సీసాలు, కప్పులు లెక్కపెట్టుకుంటారు గానీ యూనివర్సిటీలో అన్నిటికంటే పెద్ద కాగితపు గుట్ట ఎక్కడుంటుందో చూడరు. ఆన్సర్ షీట్లు. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది, పాత వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాల కాలేజీలన్నీ దాని కిందికే. అలాంటి చోట సెమిస్టర్‌కి ఎన్ని బుక్‌లెట్లు పోగవుతాయో మీరే ఊహించుకోండి. మేం పనిచేసిన బిల్డింగులో రెండు హాళ్ళు, ఒక మెట్ల సందు, చివరికి పాత క్యాంటీన్ గది కూడా కట్టలతో నిండిపోయి ఉండేవి, చెదలు పట్టకుండా మందు కొట్టించడమే ఒక ఉద్యోగం.

వాటిని వెంటనే అమ్మేయడానికి లేదు. రీవాల్యుయేషన్ గడువు పోవాలి, కోర్టు కేసుల్లో ఉన్నవి పక్కన పెట్టాలి. 2011లో సుప్రీంకోర్టు దిద్దిన ఆన్సర్ షీటు కూడా సమాచార హక్కు కింద విద్యార్థి చూడొచ్చని చెప్పింది కాబట్టి, దాచాల్సిన గడువు లోపల పోగొడితే మెడకు చుట్టుకుంటుంది. గడువు దాటాక కమిటీ వేసి, టెండరు పిలిచి, తూకం మీద ఇస్తారు. టెండర్లో ముఖ్యమైన షరతు ఒకటి ఉంటుంది, ఈ కాగితం బయట చిల్లరగా అమ్మకూడదు, నేరుగా పేపరు మిల్లుకు పోయి గుజ్జు కావాలి, అయినట్టు సర్టిఫికెట్ తేవాలి. ఆ షరతు గట్టిగా చూడకపోతే ఏమవుతుందో తెలుసా, ఎవడి ఇంగ్లిష్ పేపరో మిర్చీ బజ్జీల పొట్లమై తిరిగొస్తుంది, మార్కులతో సహా.

మిల్లులో దాన్ని నీళ్ళలో నానబెట్టి పెద్ద మిక్సీ లాంటి దాంట్లో తిప్పుతారు, పిన్నులు, దారాలు, జిగురు జల్లెడల్లో పోతాయి, సిరా గాలి బుడగలకు అంటుకుని నురగతో పైకొస్తుంది, దాన్ని తోడేస్తారు. తిప్పిన ప్రతిసారీ కాగితం పోగు పొట్టిదవుతుంది కాబట్టి ఐదారు సార్లకు మించి తిరగదు, చివరికి అట్టగానో గుడ్ల ట్రేగానో తేలుతుంది. కాగజ్‌నగర్ మిల్లు పక్కనే ఉంది కదా అక్కడికే పోతాయా అని కొందరు అడిగేవారు. అది 1938లో పెట్టిన మిల్లు, 2014లో మూతబడి 2018లో మళ్ళీ తెరిచారు, కానీ అది కర్ర గుజ్జు మీద నడిచేది. పాత కాగితానికి వేరే మిల్లులుంటాయి.

ఇక చార్జర్లు, పాత కంప్యూటర్ల సంగతి. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌కి స్టాక్ రిజిస్టర్లో నంబరు ఉంటుంది, కండెమ్ చేయకుండా, అంటే పనికిరాదని రాసి కొట్టేయకుండా, కదపడానికి లేదు. అందుకే ప్రతి ల్యాబ్ వెనక ఒక గదిలో డబ్బా మానిటర్లు దుమ్ము కొట్టుకుపోతుంటాయి. కేంద్ర సంస్థలైతే మిగులు విలువ రెండు లక్షలు దాటిన సామాను టెండరు లేదా వేలం ద్వారానే తీసేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఇలాంటివి రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వాలి. మామూలు పాత సామాను దుకాణానికి ఇస్తే వైర్లు తగలబెట్టి రాగి తీస్తారు, ఆ పొగ ఎవరు పీల్చాలి? @కాంటా_వరంగల్ మీరు ఏమీ అనుకోకండి.

హాస్టల్ పిల్లల చార్జర్లకి రిజిస్టర్ ఏమీ ఉండదు కాబట్టి సులువు. ఒక అట్టపెట్టె పెట్టండి, సెలవుల ముందు నింపి ఒకేసారి ఆ రీసైక్లర్‌కి ఇచ్చేయండి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ మాత్రం అందులో వేయనివ్వకండి, అంటుకుంటుంది.

కాంటా_వరంగల్

@రిటైర్డ్_సూపరింటెండెంట్ సార్, అనుకునేదేం లేదు, ఉన్న మాటే అన్నారు. మేం వైర్లు తగలబెట్టం, కానీ తగలబెట్టేవాళ్ళు ఉన్నారు, రాత్రి పూట ఊరి బయట ఆ వాసన వస్తూనే ఉంటుంది.

సుబేదారి_అక్క

ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే అడుగుతున్నా, శానిటరీ ప్యాడ్ల సంగతేంటి? అమ్మాయిల హాస్టల్లో నేనూ కమిటీలో ఉన్నాను. మీరంతా సీసాలూ అట్టలూ అంటున్నారు, మా బాత్రూముల్లో పొడి డబ్బాలో పడేది ఎక్కువ అవే, వాటి కింద పేపర్లు, సీసాలు ఉంటాయి. కాంటా అన్న చెప్పిన ఆ అక్కలు అవన్నీ వట్టి చేతులతో కదిలించి సీసా తీసుకోవాలి. మనం ఇలా కలిపి వేయడం కంటే సిగ్గులేని పని ఇంకోటి లేదు.

2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే వీటిని విడిగా చుట్టి ఇవ్వాలని రాశారు, ప్యాడ్లు తయారుచేసే కంపెనీలు చుట్టడానికి కవరు ఇవ్వాలని కూడా రాశారు. మేం ఏం చేశామంటే ప్రతి బాత్రూమ్‌లో మూత ఉన్న చిన్న డబ్బా విడిగా పెట్టించి, పక్కన పాత పేపరు ముక్కలు, ఒక ఎర్ర స్కెచ్ పెన్ వేలాడదీశాం. చుట్టి, ఎర్ర గీత గీసి వేయాలి. గీత ఉన్న పొట్లాన్ని ఎవరూ విప్పి చూడరు. పెన్ను మాయమైపోతుంటుంది, మళ్ళీ కడతాం, దానికేం. మా దగ్గర కాల్చే మిషన్ కూడా ఉంది, కానీ ఒకేసారి కుక్కి పెడితే సరిగా కాలదు, ప్లాస్టిక్ పొర సగం కాలి పొగ వస్తుంది. గదుల పక్కనే పెట్టారు కాబట్టి అది వేసిన రోజు కిటికీలు మూసుకుని కూర్చోవాలి. కొనేవాళ్ళు ఉంటే ముందు దాన్ని ఎక్కడ పెడతారో ఆలోచించుకోండి.

ఫార్మసీ, మెడికల్ వాళ్ళ సిరంజీలు, గాజు సీసాలు ఈ డబ్బాల్లోకి అసలు రాకూడదు. వాటికి బయోమెడికల్ (ఆసుపత్రి చెత్త) నిబంధనలు వేరే, పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వాటి రంగులూ వేరే. మా ఫ్లోర్‌లో ఒక ల్యాబ్ అమ్మాయి వాడిన సూదిని చిప్స్ ప్యాకెట్లో పెట్టి నీలం డబ్బాలో వేసింది. నీలమే కదా అన్నది. బయోమెడికల్‌లో నీలం గాజుకి, సూదులకు తెల్లది.

పొలాస_అగ్రి

జగిత్యాల దగ్గర పొలాసలో అగ్రికల్చర్ చదివాను, ఇప్పుడు వేరే క్యాంపస్‌లో కంపోస్టు చూసుకుంటున్నాను. తడి చెత్త గురించి నేను చెప్తా, ఎందుకంటే తడిది పక్కకు తీస్తే పొడిది దానంతటదే బాగుపడుతుంది.

ముందు రూలు. రోజుకి సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థని 2016 నిబంధనల్లో పెద్ద మొత్తంలో చెత్త పుట్టించేవాళ్ళ కింద లెక్కేశారు, అందులో యూనివర్సిటీలు, హాస్టళ్ళు కూడా ఉన్నాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన సంస్థలు వీలైనంత వరకు తడి చెత్తని లోపలే ఎరువో గ్యాసో చేసుకోవాలని కూడా వాటిలోనే రాశారు, 2026లో వాటి చోట కొత్తవి వచ్చాయి. కొత్తవాటిలో దీని గురించి ఏముందో చూసుకుని వార్డెన్ దగ్గరికి వెళ్ళు, నాలుగు డబ్బాలు కాదు, ఒక షెడ్డు అడుగు. మడికొండ అవతల రాంపూర్ డంప్‌యార్డ్ వైపు ఒకసారి పోయి వస్తే మన అన్నం కూరలు అంత దూరం ఎందుకు మోస్తున్నామా అనిపిస్తుంది.

క్యాంపస్‌లో మనకున్న అసలు ఆస్తి రాలిన ఆకు. ఫిబ్రవరి, మార్చిలో ఊడ్చి కుప్ప పెట్టి అగ్గిపుల్ల గీస్తారు. 2016 డిసెంబరులో పర్యావరణ కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌జీటీ చెత్త తగలబెడితే 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయల జరిమానా అని చెప్పింది, అయినా గీస్తూనే ఉన్నారు. ఆ ఆకు దాచుకో. ఒక్క మెస్ కూరగాయల తొక్కలనే కుప్ప పోస్తే కుళ్ళి కంపు కొడుతుంది, ఒక్క ఆకునే పోస్తే ఏడాదైనా అలాగే ఉంటుంది. ఒక బకెట్ తొక్కలకి రెండు మూడు బకెట్ల ఎండాకు, మధ్యలో కాస్త పేడ నీళ్ళు, కుప్ప కనీసం నడుము ఎత్తు ఉండాలి. నాలుగైదు రోజుల్లో లోపల 55 నుంచి 65 డిగ్రీలు వస్తుంది. థర్మామీటర్ ఏమీ కొనకు, ఇనుప చువ్వ ఒకటి మధ్యలో గుచ్చి కాసేపు ఉంచి తీసి పట్టుకో, చేయి ఆగకపోతే కుప్ప పనిచేస్తున్నట్టే, చల్లగా ఉంటే గాలో నీళ్ళో తక్కువైనట్టు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కడితే ఆకు కలుపు. వారానికోసారి తిరగేస్తే రెండు నెలలకి నల్లటి మట్టి అవుతుంది. మన ఎండాకాలంలో 44, 45 డిగ్రీలకు పై పొర అటుకుల్లా అయిపోతుంది, అప్పుడు తడి గోనె పట్టా కప్పాలి.

అన్నం, సాంబారు, నూనె కూరలు, బొక్కలు ఇందులో వేయకండి, ఎలుకలు వస్తాయి. పందులవాళ్ళు పట్టుకుపోతున్నారంటే పోనివ్వండి, ఈ ఏర్పాటు చెడగొట్టాల్సిన పనేం లేదు, డ్రమ్ములో ప్లాస్టిక్ స్పూన్లు, కవర్లు పడకుండా చూడండి చాలు. ఇంకొకటి, మెస్ బయట బోర్డు మీద ఈ పూట ఎన్ని కిలోల అన్నం మిగిలిందో చాక్‌పీస్‌తో రాయించు. కింద ఏ నీతి వాక్యమూ రాయకు, అంకె ఒక్కటే. మా దగ్గర వంటవాళ్ళే ఆ అంకె చూసి బియ్యం కొలత తగ్గించారు.

ఫేర్‌వెల్ పార్టీలకి థర్మాకోల్ ప్లేట్లు తెస్తే అడ్డం పడు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణ థర్మాకోల్ అన్నీ బంద్. మోదుగాకు ఇస్తర్లు వరంగల్‌లో ఎక్కడైనా దొరుకుతాయి, తిన్నాక నా కుప్పలోకే వస్తాయి.

నయీంనగర్_పీజీ

అన్నలూ, అక్కా, సూపరింటెండెంట్ సార్, చాలా థ్యాంక్స్. ఆ రెండు డబ్బాల సంగతి నేను ఇప్పుడే ముట్టుకోను. మా ఒక్క హాస్టల్లో ఫ్లోర్‌కి ఒక చోట మాత్రం పెడదామనుకుంటున్నా, ఒక తడి డబ్బా, దాని పక్కన సీసాలకి ఒక గోనె సంచి, అట్టలు కాగితాలకి ఒక సంచి. సంచులు ఆ అక్కలవే, అమ్ముకునేది వాళ్ళే, కమిటీకి లెక్క అక్కర్లేదు. ప్యాడ్ల విషయం నాకు తట్టనే లేదు, అక్కా, ఆ డబ్బా ఏర్పాటు మా క్యాంపస్ అమ్మాయిల హాస్టల్ వాళ్ళకి పంపిస్తా. చిప్స్ ప్యాకెట్లకి మాత్రం దారి కనపడట్లేదు. కాంటా అన్నా, ఒక డౌటు. వానలు మొదలవుతున్నాయి, మెట్ల కింద జల్లు కొడుతుంది, అట్టల సంచి ఎక్కడ పెట్టమంటారు?

కాంటా_వరంగల్

నేల మీద పెట్టకు, రెండు ఇటుకల మీద చెక్క పలక వేసి దాని మీద పెట్టించు. అట్టలు డబ్బాలుగా ఉంటే చోటు చాలదు, టేపు పీకి చదును చేసి సుతిలితో కట్టాలి. వానాకాలం నెల రోజులు నిలవ పెట్టొద్దు, ఎంత ఉంటే అంత వారానికోసారి పంపించేయమను. ఇంకో మాట, ఆ అక్కలు ఎవరికి అమ్ముతున్నారో నాకు తెలియదు, నా దగ్గరికే రమ్మని నేను అనను. కాకపోతే తూకం వేసేటప్పుడు మీలో ఒకరు పక్కన నిలబడండి. ఎలక్ట్రానిక్ కాంటా ముందు సున్నా చూపించాకే సంచి ఎక్కించమను, ఏ రకం ఎన్ని కిలోలో చీటీ రాయించుకొమ్మను. చదువుకున్నోడు ఒకడు పక్కనుంటే కాంటా సరిగ్గానే చూపిస్తుంది. చిప్స్ ప్యాకెట్లు విడిగా ఒక సంచిలో కుక్కి ఉంచు, పొడిగా ఉంటే మున్సిపాలిటీ పొడి చెత్త బండికి ఇవ్వు, తడిదాంట్లో మాత్రం కలపకు.